దీపం ఉండగానే బండి చక్కబెట్టుకో!

రథసప్తమి ముందు రాత్రి. సిక్కోలు జిల్లాలో ఆ రాత్రి చాలామందికి కంటిమీద కునుకుండదు. అర్ధరాత్రి దాటాక అరసవల్లిలో సూర్యనారాయణస్వామికి క్షీరాభిషేకం. ఆ వేళకు అందుకోవాలని ఊరూరి నుంచీ జనం కదులుతారు. బస్సుల్లో, ఆటోల్లో, మోటార్‌సైకిళ్ల మీద.

టెక్కలి వైపు నుంచి వస్తున్న ఓ జంటను ఊహించుకోండి. ముందు ట్యాంకు మీద ఐదేళ్ల పిల్లాడు. వెనక భార్య, ఆమె చేతిలో పూజ సంచి. కోటబొమ్మాళి దాటారు. రోడ్డు మీద పలచగా మంచు. ఉన్నట్టుండి హెడ్‌లైటు ఓసారి మిణుకుమంది. ఆయన అలవాటు ప్రకారం డూమ్ మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు. వెలిగింది. మరో అర కిలోమీటరు పోయాక మళ్లీ మిణుకుమంది. ఈసారి కొట్టినా వెలగలేదు!

ఆపితే అభిషేకానికి ఆలస్యం. ముందు ఓ లారీ పోతోంది. దాని వెలుగులో వెళ్లిపోదామనుకున్నాడు. రెండు నిమిషాలు బాగానే సాగింది. అంతలో లారీ చటుక్కున కుడికి తప్పుకొంది. ఎందుకు తప్పుకొందో ఆయనకు తెలిసేసరికి ఎదురుగా గడ్డి ట్రాక్టరు... ఆగి ఉంది. వెనక ఎర్రదీపం లేదు. బ్రేకులు తొక్కాడు. బండి ఆగేసరికి ముందుచక్రానికీ ట్రాక్టరు తొట్టికీ మధ్య చెయ్యి పట్టేంత జాగా.

ఎవరూ మాట్లాడలేదు. పిల్లాడే ముందుగా నోరు విప్పాడు.

‘‘నానా... మన లైటేదీ?’’

నరసన్నపేట దాకా బండిని పక్కనుంచి నెమ్మదిగా నెట్టుకుంటూ, కాసేపు నడుపుకొంటూ చేరారు. పండగ రద్దీ కదా, ఓ మెకానిక్ షెడ్డు తీసే ఉంది. పెద్దాయన డూమ్ విప్పి, బల్బు హోల్డరు బయటికి లాగి, టార్చి వెలుగులో చూపించాడు. మూడు పిన్నుల్లో ఒకదానికి ఆకుపచ్చగా చిలుము. చుట్టూ ప్లాస్టిక్ కరిగి నల్లబడింది.

‘‘ఏటి బాబూ, ఇదెన్నాళ్ల నుంచి మినుకుతోంది?’’

‘‘ఓ నెల్నుంచి బాబాయ్. కొడితే ఎలుగుతోందని ఊరుకున్నాను.’’

‘‘నెల్లాళ్ల నుంచి అది సెప్తానే ఉంది బాబూ. నువ్వే ఇన్నేదు.’’

హోల్డరు మార్చడానికి పట్టింది పావుగంట. సామాను ఖరీదు ఆ పూజ సంచిలోని కొబ్బరికాయలపాటి కూడా చెయ్యదు. కానీ ఆ పావుగంట పని నెల్లాళ్ల కిందటే చేసుంటే ఆ రాత్రి ఆ ట్రాక్టరు ముందు ముగ్గురి ప్రాణాలు చెయ్యి దూరంలోకి వచ్చేవి కావు.

ఇలాంటి కథ ఉత్తరాంధ్రలో ప్రతి ఊళ్లోనూ ఒకటి వినిపిస్తుంది. కొన్ని కథల్లో ఆ చెయ్యి దూరం కూడా మిగలదు. విచిత్రమేమిటంటే... హెడ్‌లైటు దాదాపు ఎప్పుడూ చెప్పకుండా పోదు. మిణుకుతుంది, మందగిస్తుంది, ఒక ఫిలమెంటు మాని ఒకటే వెలుగుతుంది, నెలకో బల్బు తింటుంది. ఆ భాష తెలిస్తే సగం రోగం ఇంటి దగ్గరే కనిపెట్టొచ్చు.

నలభై మీటర్ల లెక్క

ముందు ఓ చిన్న లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా అడ్డం ఉందని కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి కనీసం ఓ సెకను. అంటే బ్రేకు పడకముందే 17 మీటర్లు గడిచిపోయాయి. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరో 24 మీటర్లు. మొత్తం 40 మీటర్ల పైమాటే. మీ లైటు వెలుగు పాతిక మీటర్లకే చాలించుకుంటే మిగతా దూరం కళ్లకు గంతలు కట్టుకుని నడిపినట్టే.

అదే వేగం 40కి తగ్గిస్తే ఆగడానికి మొత్తం 22 మీటర్లు చాలు. లైటు మందంగా ఉన్న రాత్రి చెయ్యాల్సిన మొదటి రిపేరు యాక్సిలరేటరుకే అని మెకానిక్కులు అనేది అందుకే!

మన రోడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లో, మొక్కజొన్నో ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. పశువులు తీరిగ్గా పడుకుని నెమరేస్తుంటాయి. అటు సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు వెళ్తే రోడ్డెక్కేది పశువులే కాదు, ఒడిశా అడవుల్లోంచి దిగివచ్చిన ఏనుగులు కూడా. అక్కడ వెలుగు అలంకారం కాదు, ఆయుష్షు.

వెలుగు ఎక్కణ్నుంచి వస్తుంది?

‘లైటు డల్లుగా ఉంది, బ్యాటరీ మార్చెయ్’ అనేది చాలామంది నోట వినిపించే మాట. బ్యాటరీ మారుస్తారు. లైటు మాత్రం మారదు. ఎందుకంటే... ఆ బండిలో హెడ్‌లైటుకూ బ్యాటరీకీ సంబంధమే లేకపోవచ్చు!

2000ల నాటి చాలా 100 సీసీ బళ్లలో హెడ్‌లైటు నేరుగా ఇంజిన్ పక్కనుండే మాగ్నెట్ కాయిల్ మీద ఆధారపడుతుంది. ఇంజిన్ తిరుగుతుంటే కాయిల్‌లో ఏసీ కరెంటు పుడుతుంది. రెగ్యులేటరు దాన్ని హద్దులో పెడుతుంది. అది హ్యాండిల్ మీది స్విచ్చుకీ, అక్కణ్నుంచి బల్బుకీ పోతుంది. హారను, ఇండికేటర్లు, బ్రేకులైటు మాత్రం బ్యాటరీవి. అందుకే ఈ బళ్లలో ఇంజిన్ నెమ్మదిస్తే లైటు మందగిస్తుంది, రేజు చేస్తే పుంజుకుంటుంది. అది జబ్బు కాదు, నైజం. రేజు చేసినా పుంజుకోకపోతేనే జబ్బు.

రెండో రకం డీసీ. కాయిల్ కరెంటును ఆర్‌ఆర్ యూనిట్ డీసీగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. అక్కణ్నుంచి ఫ్యూజు, తాళం, స్విచ్చు మీదుగా బల్బు. ఈ బళ్లలో ఇంజిన్ ఏ వేగంతో తిరిగినా వెలుగు దాదాపు ఒకేలా ఉండాలి. ఇక్కడ బ్యాటరీ, ఫ్యూజు రెండూ ముద్దాయిలే.

మీది ఏ రకమో తెలుసుకోవడం సులువు. చీకట్లో బండిని గోడకు ఎదురుగా పెట్టి స్టార్టు చెయ్యండి. రేజు చేసినప్పుడు వెలుగు బాగా పెరిగితే ఏసీ, పెద్దగా తేడా లేకపోతే డీసీ.

ఒక్క జాగ్రత్త. 2017 ఏప్రిల్ 1 నుంచి మనదేశంలో తయారయ్యే ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగుండాలన్న నిబంధన వచ్చింది. వాటికి లైటు ఆపే స్విచ్చే ఉండదు. చాలావాటిలో ఇంజిన్ స్టార్టయ్యాకే లైటు వెలుగుతుంది. తాళం తిప్పగానే లైటు రాలేదని కంగారు పడి డూమ్ విప్పకండి!

మిణుకు చెప్పే మాట

నాడి చూసి జబ్బు చెప్పినట్టు, వెలుగు తీరు చూసి లోపం చెప్పొచ్చు.

ఒక బీము వెలిగి రెండోది వెలగకపోతే... బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, పైకి కొట్టేదొకటి, కిందికి కొట్టేదొకటి. అందులో ఒకటి తెగుండొచ్చు. బల్బు బాగుంటే అనుమానం డిప్పర్ స్విచ్చు మీదకి పోవాలి.

రెండూ ఒకేసారి పోతే... బల్బులో రెండు ఫిలమెంట్లూ ఒకే క్షణాన తెగడం అరుదు. ఒకటి ఎప్పుడో పోయి మీరు గమనించకపోయుండొచ్చు. లేదా ఓల్టేజీ హద్దు మీరి రెంటినీ మాడ్చేసి ఉండొచ్చు. లేదంటే హోల్డరు, ఎర్తు వైరు, ఫ్యూజు... వీటిలో ఏదో ఒకటి.

గతుకుల్లో మిణుకుతుంటే... ఎక్కడో లూజు. హోల్డరో, కప్లరో వదులైంది.

హ్యాండిల్ తిప్పినప్పుడు ఆరి వెలుగుతుంటే... వెతుక్కునే పనే లేదు. హ్యాండిల్ మెడ దగ్గర వైర్ల కట్ట ఏళ్ల తరబడి వంగి వంగి లోపల తీగ తెగుంటుంది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది. అదే మోసం.

నెలకో బల్బు పోతుంటే... బల్బు కంపెనీని తిట్టి లాభం లేదు. రెగ్యులేటరు హద్దు తప్పుతోందేమో చూడాలి. బల్బుకు అందాల్సినదానికన్నా ఓల్టేజీ ఐదు శాతం పెరిగితే చాలు, దాని ఆయుష్షు ఇంచుమించు సగమైపోతుంది.

బల్బు మార్చినా గుడ్డిగానే ఉంటే... ఓసారి అద్దంలోంచి రిఫ్లెక్టరును చూడండి. వెండిపూత నల్లబడి, పొక్కులు లేచి ఉంటే ఎంత మంచి బల్బు వేసినా అంతే. మార్చాల్సింది డూమే.

పది నిమిషాల పరీక్ష

పెద్ద పరికరాలేం అక్కర్లేదు. 12 ఓల్టుల ఇండికేటర్ బల్బు ఒకటి, దాని హోల్డరు, రెండు మూరల వైర్లు రెండు. హోల్డరుకు ఈ వైర్లు కలిపితే ‘టెస్ట్ లైటు’ తయారు. ఏసీ, డీసీ తేడా లేకుండా పనిచేస్తుంది. షెడ్డుల్లో అనుభవజ్ఞులు ఇప్పటికీ మీటరు కన్నా ముందు దీన్నే అందుకుంటారు.

మొదట బల్బు. విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. తీగ తెగినా, గాజు లోపల పొగచూరినట్టున్నా పని అయిపోయినట్టే. అనుమానంగా ఉంటే బ్యాటరీకి నేరుగా రెండు వైర్లతో ఆనించి, రెండు ఫిలమెంట్లూ విడివిడిగా చూడండి. హాలోజెన్ బల్బు క్షణాల్లో కాలిపోయేంత వేడెక్కుతుంది, గుడ్డతో పట్టుకోవాలి. దాని గాజును వేళ్లతో ముట్టుకోకూడదు కూడా. వేలి జిడ్డు అంటినచోట గాజు అతిగా వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. పొరపాటున ముట్టుకుంటే స్పిరిటు అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచేయాలి.

రెండోది హోల్డరు. పిన్నులకు చిలుము పట్టిందా, ప్లాస్టిక్ కరిగిందా, వైరు వదులుగా ఊగుతోందా? నూటికి చాలా జబ్బులు ఇక్కడే దొరికిపోతాయి.

మూడోది కరెంటు వస్తోందా లేదా. బండి స్టార్టు చేసి లైటు స్విచ్చు వెయ్యండి. టెస్ట్ లైటు ఒక వైరును ఇంజిన్ మీద రంగు లేని శుభ్రమైన లోహానికి ఆనించండి. రెండో వైరును హోల్డరులోని పిన్నులకు ఒక్కొక్కటిగా తాకించండి. అప్పర్ వేసినప్పుడు ఒక పిన్ను, డిప్పర్ వేసినప్పుడు మరో పిన్ను దగ్గర టెస్ట్ లైటు వెలగాలి. వెలిగితే కరెంటు గుమ్మం దాకా వస్తున్నట్టే.

నాలుగోది, చాలామంది మరిచిపోయేది... ఎర్తు. ఇప్పుడు ఇంజిన్‌కు ఆనించిన వైరును తీసి హోల్డరులోని మూడో పిన్నుకు, అంటే ఎర్తు పిన్నుకు పెట్టండి. ఇందాక వెలిగిన టెస్ట్ లైటు ఇప్పుడు వెలగలేదా? దొంగ దొరికాడు! వచ్చిన కరెంటు తిరిగిపోవడానికి దారి లేదు. ఎర్తు వైరు చివర బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

హోల్డరు దాకా కరెంటే రాకపోతే వెనక్కి నడవాలి. మొదట హ్యాండిల్ స్విచ్చు కప్లరు, తర్వాత మెడ దగ్గరి వైర్లు, ఆ తర్వాత రెగ్యులేటరు, చివరికి కాయిల్. కరెంటు ఎక్కడిదాకా ఉండి ఎక్కడ మాయమైందో ఆ రెండింటి మధ్యే లోపం. వైరు వైరూ కోసి చూసే మెకానిక్‌కూ, టెస్ట్ లైటుతో వెనక్కి నడిచే మెకానిక్‌కూ తేడా ఇదే.

మల్టీమీటరు ఉన్నవాళ్లు ఇంకో రెండు లెక్కలు చూసుకోవచ్చు. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక బ్యాటరీ దగ్గర 12.6 ఓల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12కి దిగితే నీరసించినట్టు. ఇంజిన్ రేజులో ఉన్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటి పోతుంటే ఆర్‌ఆర్ యూనిట్ చెయ్యెత్తేసినట్టే. ఏసీ హెడ్‌లైటున్న బండిలో బల్బు దగ్గర కొలిచేటప్పుడు మాత్రం మీటరును ఏసీ మీద పెట్టాలి. డీసీలో పెట్టి చూసి ‘కరెంటే రావట్లేదు’ అని కాయిల్ మార్పించుకున్నవాళ్లూ ఉంటారు!

ఉప్పుగాలి చేసే పని

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రం ఈ రెండు జిల్లాల వెంటే నడుస్తుంది. నౌపడ ఉప్పు మళ్ల పక్కగా వెళ్తే పెదవుల మీద కూడా ఉప్పు తగులుతుంది. అదే గాలి బండి డూమ్‌లోకీ పోతుంది. తేమతో కలిసిన ఉప్పు రాగి వైర్లను, ఇత్తడి పిన్నులను మెల్లగా తినేస్తుంది. ఆ తిన్న గుర్తే ఆకుపచ్చ చిలుము.

చిలుము అంటే కరెంటు దారిలో ముళ్లకంప. 35 వాట్ల బల్బు 12 ఓల్టుల మీద దాదాపు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. చిలుము పట్టిన పిన్ను దగ్గర అర ఓమ్ అడ్డు తగిలితే చాలు, దాదాపు ఓల్టున్నర అక్కడే హరించుకుపోతుంది. ఓల్టున్నరే కదా అనుకోకండి. ఓల్టేజీ పది శాతం తగ్గితే బల్బు వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. పోయిన ఆ కరెంటు ఊరికే పోదు, వేడై హోల్డరును కరిగిస్తుంది. నరసన్నపేట పెద్దాయన చూపించిన నల్లటి ప్లాస్టిక్ కథ ఇదే.

బారువ, భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి, ముక్కాం లాంటి తీరపు ఊళ్లలో చీకటితోనే బయల్దేరే చేపల బళ్ల సంగతి మరీ కష్టం. గాలిలో ఉప్పు చాలదన్నట్టు, పెట్టెల్లోంచి కారే ఉప్పునీరు వెనక లైటు వైర్ల మీదుగానే దిగుతుంది. వాళ్లకు నెలకోసారి మంచినీళ్లతో కడిగి, ఆరాక కప్లర్లు విప్పి చూసుకోవడం తప్పదు. శుభ్రం చేసిన పిన్నులను బిగించాక పైన పలచగా పెట్రోలియం జెల్లీ రాస్తే గాలీ తేమా తగలవు. బండి కడిగేటప్పుడు ప్రెషర్ పైపును డూమ్ మీదకీ, హ్యాండిల్ స్విచ్చుల మీదకీ సూటిగా కొట్టకూడదు.

లోపలి ఊళ్లలో శత్రువు వేరు. గాదెల పక్కన, ధాన్యం బస్తాల దగ్గర బండి పెడితే ఎలుకలు వైర్ల తొడుగు కొరికేస్తాయి. సాలూరు, పార్వతీపురం వైపు కొండదారుల్లో గతుకులు కప్లర్లను వదులు చేస్తాయి. ఊరును బట్టి జబ్బు!

తిత్లీ రాత్రులు

వెలుగు విలువ ఈ ప్రాంతానికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. రోజుల తరబడి ఊళ్లకు ఊళ్లే చీకట్లో ఉన్నాయి. అలాంటి రాత్రుల్లో రోడ్డు మీద కూలిన చెట్టును ముందుగా చూపించేది, మంచినీళ్లకో మందులకో దారి చూపేది బండి ముందున్న ఆ చిన్న గుండ్రటి దీపమే.

తుపాను తర్వాత మరో చిక్కు. నీళ్లలో మునిగిన బండి అప్పటికి స్టార్టవుతుంది, లైటూ వెలుగుతుంది. హమ్మయ్య అనుకుంటాం. ఉప్పునీరు తాకిన కప్లర్లలో చిలుము మాత్రం నెలల తరబడి నిదానంగా పెరుగుతూనే ఉంటుంది. అందుకే వరదలో మునిగిన బండికి ఇంజిన్ ఆయిల్ మార్చడంతో సరిపెట్టకుండా వైరింగ్ కప్లర్లన్నీ విప్పి ఆరబెట్టించాలి.

చేజేతులా చేసుకునేవి

లోపాల్లో కొన్ని సముద్రం తెచ్చేవి, కొన్ని మనం తెచ్చుకునేవి.

ఒకటి: ఫ్యూజు పోయినప్పుడు సిగరెట్ ప్యాకెట్టు రేకో, లావుపాటి తీగో చుట్టడం. ఫ్యూజు తెగిందంటే ఎక్కడో షార్టు ఉందని. తెగాల్సింది తెగకపోతే కాలేది వైరింగు మొత్తం. ట్యాంకులో పెట్రోలుందని మరిచిపోకండి. మాన్యువల్‌లో రాసిన ఆంపియర్ల ఫ్యూజే వెయ్యాలి. సీటు కింద ఒకటి అదనంగా ఉంచుకోవాలి.

రెండు: వెలుగు చాలట్లేదని 35 వాట్ల చోట 100 వాట్ల బల్బు పెట్టడం. లెక్క ప్రకారం దానికి మూడు రెట్ల కరెంటు కావాలి. వైర్లలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. అంటే దాదాపు ఎనిమిది రెట్లు! చిన్న కాయిల్ అంత ఇవ్వలేదు, సన్నటి స్విచ్చు అంత మొయ్యలేదు. ముందు హోల్డరు కరుగుతుంది, తర్వాత స్విచ్చు, చివరికి జేబు.

మూడు: హాలోజెన్ డూమ్‌లో ఎల్ఈడీ బల్బు. కూర్చుని చూస్తే ముందంతా తెల్లగా కనిపిస్తుంది. ఆ రిఫ్లెక్టరు చేసింది మాత్రం హాలోజెన్ తీగ ఉండే చోటును బట్టి. వెలుగు పుట్టే చోటు మారితే అది రోడ్డు మీద పడదు, ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఏసీ బండిలోనైతే మిణుకుడు అదనం. తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం కూడా.

నాలుగు: లైటు ఆకాశానికి కొట్టడం. చాలా బళ్లలో బల్బు బాగానే ఉంటుంది, డూమ్ వంపే తప్పు. చదునైన నేల మీద గోడకు ఐదారు మీటర్ల దూరంలో బండి నిలిపి, మీరు ఎక్కి కూర్చోండి. డిప్పర్ వేస్తే గోడ మీది వెలుగు పై అంచు బల్బు ఎత్తుకన్నా కాస్త కిందే ఉండాలి. రోజూ వెనక మనిషి కూర్చునే బండైతే ఆ బరువుతోనే సరిచూడాలి. ఎందుకంటే వెనక బరువు పడితే ముందు లైటు పైకి లేస్తుంది.

కార్బైడు నుంచి హాలోజెన్ దాకా

మొదట్లో మోటార్‌సైకిళ్లకు కరెంటు దీపాలే లేవు. కార్బైడు ముక్కల మీద నీటిబొట్లు పడేలా చేసి, పుట్టిన ఎసిటిలీన్ గ్యాసును వెలిగించేవారు. మామిడికాయలను దొంగతనంగా మగ్గబెడతారే... ఆ కార్బైడే! గాలి గట్టిగా వీస్తే దీపం ఆరేది, నీటి చుక్క ఆగినా ఆరేది.

కరెంటు దీపాలొచ్చాకా కష్టాలు తీరలేదు. పాత బ్రిటిష్ బళ్లకు విద్యుత్ సామాను చేసిచ్చిన లూకాస్ కంపెనీకి అక్కడి మోటార్‌సైకిల్ ప్రియులు ‘చీకటి రాకుమారుడు’ అని సరదాగా బిరుదు తగిలించారు. దాని స్విచ్చుకు మూడే స్థానాలట... మందం, మిణుకు, ఆర్పు! 1962లో యూరప్ కార్లలోకి హాలోజెన్ బల్బు వచ్చింది. 1971లో రెండు ఫిలమెంట్ల హాలోజెన్ వచ్చింది. నేటి మన బళ్లలోని బల్బులు ఆ వంశానివే. బల్బు ఎంత మారినా... పిన్ను, వైరు, ఎర్తు మారలేదు. నూరేళ్ల నాటి జబ్బులు నేటికీ అక్కడే ఉన్నాయి.

దారిలో ఆరిపోతే...

ఎంత జాగ్రత్తపడ్డా ఓ రాత్రి ఆరిపోతే ఏం చెయ్యాలి?

గట్టిగా బ్రేకు తొక్కకండి. వెనక వచ్చేవాడికి మీరు కనిపించకపోవచ్చు. యాక్సిలరేటరు వదిలి, ఎడమ ఇండికేటరు వేసి, నెమ్మదిగా రోడ్డు దిగండి. అప్పర్-డిప్పర్ రెండూ మార్చి చూడండి. ఒక ఫిలమెంటు బతికుండొచ్చు. హ్యాండిల్ మీద ‘పాస్’ బటన్ ఉంటే నొక్కి పట్టుకోండి. చాలా బళ్లలో దానికి కరెంటు దారి వేరు, కనుక స్విచ్చు చెడినా అప్పర్ వెలుగుతుంది. అది దగ్గర్లోని షెడ్డు దాకా చేర్చేందుకే, ఊరు దాకా కాదు.

సెల్‌ఫోను టార్చితో ప్రయాణం సాగించొద్దు. దాని వెలుగులో మీకు రోడ్డు కనిపించదు. ఆగి ఉన్నప్పుడు మీరు ఇతరులకు కనిపించేందుకు పనికొస్తుంది, అంతే. లారీ వెనక దాని వెలుగులో పోదామనే ఆలోచన అసలే వద్దు. లారీ వెలుగు లారీ కోసం. అది తప్పించుకున్నది మీకు తగులుతుంది.

వెనక మడ్‌గార్డుకు ఎర్రటి రిఫ్లెక్టర్ స్టిక్కరు అతికించండి. లైట్లన్నీ ఆరినా అది వెనకవాడి దీపంతో మెరుస్తుంది. ట్రాక్టరు తొట్లకూ, ఎడ్లబళ్లకూ అతికిస్తే మరీ పుణ్యం.

వీటన్నిటికన్నా తేలికైన పని ఇంకోటుంది. వారానికోసారి, చీకటి పడ్డాక, ఇంటి గోడకు ఎదురుగా బండి స్టార్టు చేసి నిలపండి. అప్పర్, డిప్పర్, బ్రేకులైటు, నాలుగు ఇండికేటర్లు. హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. డూమ్‌ను మెల్లగా తట్టండి. ఎక్కడైనా మిణుకుమందా? మర్నాడే షెడ్డుకు. అంతా కలిపి రెండు నిమిషాలు. బ్రేకులైటు చూసి చెప్పే పని పిల్లలకు అప్పగిస్తే వాళ్లకూ సరదా, జీవితాంతం గుర్తుండే పాఠం.

* * *

ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని ఉదయాలు అరసవల్లిలో తొలి కిరణాలు గుడి ద్వారాలన్నీ దాటి నేరుగా స్వామి పాదాల మీద పడతాయి. దారిలో మబ్బు అడ్డం రాకపోతేనే ఆ దర్శనం. బండి దీపమూ అంతే. కాయిల్ నుంచి బల్బు దాకా, బల్బు నుంచి ఎర్తు దాకా దారిలో అడ్డం లేకపోతేనే వెలుగు.

ఆ రాత్రి నరసన్నపేటలో హోల్డరు బిగించి, పెద్దాయన కిక్కు కొట్టాడు. ఎదురుగోడ మీద తెల్లటి వెలుగు గుండ్రంగా పరుచుకుంది. ట్యాంకు మీద నిద్రకళ్లతో కూర్చున్న పిల్లాడు దాన్ని చూసి, తన రెండు చేతులూ ఆ వెలుగులో అడ్డం పెట్టి నీడ చేసి నవ్వాడు.

‘‘చెయ్యి తియ్యి నాయినా. ఎలుగుకి అడ్డం పెట్టకూడదు’’ అన్నాడు పెద్దాయన.

వాళ్లు అరసవల్లి చేరేసరికి అభిషేకం మొదలైపోయింది. కానీ చేరారు.